వెచ్చగానా? చల్లగానా?

తెలుగులో ఆశీర్వచనాలన్నీ చల్లగానే వుంటాయి, ఎప్పుడైనా గమనించారా? "చల్లగా బతకమ్మా" అంటారు. అన్నం పెట్టిన తల్లిని "నీ కడుపు చల్లగా" అంటారు. మన పని ఏదన్నా గట్టెక్కితే పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి "అంతా మీ చలవ" అంటాం. అమ్మవారిది చల్లని చూపు. ఇహ వేడి సంగతి చూడండి. ఒళ్ళు మండుతుంది, కడుపు రగులుతుంది, చెవుల్లో సీసం పోసినట్టుంటుంది. పడనివాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మంచివన్నీ చల్లన, చెడ్డవన్నీ వేడి. రోహిణికార్తెలో రోళ్ళు పగిలే దేశంలో పుట్టినవాళ్ళం, అంతకంటే వేరే ఏం కోరుకుంటాం?

అందుకే మా మేనకోడలు ఫోను చేసి, "అత్తయ్యా, హోటలు లోపలంతా చాలా వార్మ్‌గా వుండాలి. నువ్వు కథలూ నవలలూ రాస్తావు కదా, కాస్త ఐడియాలివ్వు" అన్నప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. అది మే నెల. వూరు సామర్లకోట. హోటలు పెట్టబోయేది రేకుల కప్పున్న పాత రైసుమిల్లులో.

"ఆ మిల్లు ఇప్పుడు బాగానే వెచ్చగా వుంటుంది కదే! నువ్వు కొత్తగా చెయ్యాల్సిందేముంది?" అన్నాను.

"అబ్బా, ఆ వేడి కాదత్తయ్యా!" అంది. అవతల నుంచి మా వదిన గొంతు వినిపించింది: "వెచ్చదనం సంగతి తరవాత. వెచ్చం ఎంతవుతుందో ముందు అది చెప్పమను."

వెచ్చం అంటే ఖర్చు అన్న అర్థం ఈకాలం పిల్లలకి తెలీదు. మా వదినకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. పైగా మిల్లు ఆవిడ పుట్టింటివారిది. బాంకు అప్పు మాత్రం మా అన్నయ్య ఇంటి కాగితాల మీద. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి, ఆడపిల్ల సరదాపడిందని ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టాడు. అంచేత "వార్మ్" అన్న ఆ చిన్నమాట మీద మా కుటుంబం మూడు పూటల భోజనం ఆధారపడి వుంది. నాకు నవ్వు వచ్చినా నవ్వలేదు.

సామర్లకోటని రైలు కిటికీలోంచి చూసినవాళ్ళే ఎక్కువ. మద్రాసు నుంచి హౌరా వెళ్ళే పెద్దలైనులో కాకినాడ వెళ్ళేవాళ్ళు బండి మారే జంక్షను అది. ఇడ్లీ పొట్లం కొనుక్కుని, కాఫీ తాగి, అవతలి ప్లాట్‌ఫారానికి పరిగెత్తే వూరు. కానీ ఆ జంక్షను చుట్టూ ఒక కార్ఖానాల వూరు పెరిగిందని అలా పరిగెత్తేవాళ్ళకి తెలీదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలవల్లో పారి ఇక్కడిదాకా వచ్చాయి. నీళ్ళతోపాటు ధాన్యం పడవలూ వచ్చాయి. 1893 నుంచి 1896 దాకా బెజవాడ, కటకం మధ్య రైలు పడింది. కాలవ ఒక పక్క, రైలు ఒక పక్క, 15 కిలోమీటర్లలోపే కాకినాడ రేవు. మిల్లు పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? తెల్లదొరల హయాంలో ఇక్కడి చక్కెర ఫాక్టరీని నడిపిన కంపెనీ పేరు "దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ." పంచదారా సారా రెండూ ఒకే పేరులో ఇమిడిపోయాయి. మా చిన్నప్పుడు చెరుకు సీజనులో బండి వూరు దాటుతుంటే మడ్డివాసన గుప్పున కొట్టేది. అప్పటికి నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి, "సామర్లకోట వచ్చేసింది" అనేవాళ్ళు.

వదిన వాళ్ళ నాన్నగారిది ఉప్పుడు బియ్యం మిల్లు. ధాన్యాన్ని తొట్లలో నానబోసి, ఆవిరిపట్టి, కళ్ళంలో ఆరబోసి, అప్పుడు ఆడిస్తారు. మనవాళ్ళు ఆ బియ్యం పెద్దగా తినరు, ఎక్కువగా కేరళ వెళ్ళేవి. అన్నయ్య పెళ్ళికి మగపెళ్ళివారి విడిది ఆ మిల్లు గోడౌనులోనే ఇచ్చారు. అప్పుడు నాకు పద్ధెనిమిదేళ్ళు. నానిన ధాన్యం పులిసిన వాసనకి మా పెద్దత్తయ్య రాత్రంతా ముక్కు మీద కొంగు పెట్టుకుని కూర్చుంది. నాకు మాత్రం ఆ హాలు దేవాలయంలా కనిపించింది. అంత ఎత్తు కప్పు నేను గుళ్ళో తప్ప చూడలేదు. కారణం ఏమిటంటే, మిల్లులో ధాన్యం పక్కకి నడవదు, పైకెక్కి కిందికి దిగుతుంది. బకెట్ల గొలుసు పైకి మోసుకెళ్ళి పోస్తే, ఒక్కో యంత్రంలోంచి జారుతూ, ఊక ఒక పక్కకీ, తవుడు ఒక పక్కకీ, నూక ఒక పక్కకీ విడిపోతూ కిందికొస్తుంది. నూరు కిలోల ధాన్యం ఆడితే ప్రభుత్వం లెక్క ప్రకారం పచ్చి బియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు రావాలి. ఇంచుమించు 20 కిలోలు ఊక. ఆ ఊకే బాయిలరు కిందికి పోయి, మర్నాటి ధాన్యానికి ఆవిరవుతుంది. ఏదీ దండగ పోని వ్యవహారం. మా వదిన స్వభావం ఎక్కణ్ణించి వచ్చిందో ఆ మిల్లు చూస్తే తెలుస్తుంది.

తరవాత హల్లర్లు పోయి రబ్బరు రోలర్లొచ్చాయి. లోపలే ఆరబెట్టే డ్రయ్యర్లొచ్చాయి. రంగు మారిన గింజని కన్నుపెట్టి ఏరిపారేసే సార్టెక్స్ యంత్రాలొచ్చాయి. అవన్నీ కొనగలిగినవాళ్ళు మిగిలారు, కొనలేనివాళ్ళు తాళం వేశారు. యంత్రాలు పాత ఇనుముకి పోయాయి. హాలు, కళ్ళం, పొగగొట్టం, నాలుగు తొట్లు మిగిలాయి. ఆ స్థలం అపార్టుమెంట్లకి ఇచ్చెయ్యమని అడిగినవాళ్ళున్నారు. కల్యాణమండపం కట్టమన్నవాళ్ళూ వున్నారు. విశాఖపట్నంలో గదుల అలంకరణ చదువు చదివొచ్చిన మా మేనకోడలు మాత్రం గోడలు పడగొట్టకుండా హోటలు పెడతానంది.

నేను వెళ్ళేసరికి నాకు చూపించడానికి ఫోన్లో రెండొందల బొమ్మలు దాచింది. ఎర్ర ఇటుక గోడలు, తాళ్ళకి వేళ్ళాడే పసుప్పచ్చ బల్బులు, తోలు కుర్చీలు, మూల ఒక నిప్పుగూడు, దాని ముందు ఒక కుక్క. చూస్తూంటే నాకో సంగతి తట్టింది. ఆ బొమ్మల్లో కిటికీ కనిపించిన ప్రతిచోటా బయట మంచు కురుస్తోంది.

"బయట మంచు పడుతుంటే లోపల వెచ్చగా వుండాలనుకోవడంలో న్యాయముంది. మన వాడు వడగాల్లోంచి లోపలికొస్తాడు. వాడికి నిప్పుగూడు చూపిస్తే దణ్ణం పెట్టి పోతాడు" అన్నాను.

పాత కార్ఖానాలో హోటలు అనేది దాని సొంత ఊహ కాదు, దాని తరం వాళ్ళందరి ఊహ. అదీ కొత్తదేం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గిరార్డెల్లి వాళ్ళ చాక్లెట్ ఫాక్టరీని కూలగొట్టకుండా 1964లోనే హోటళ్ళూ దుకాణాలూ చేశారు. పారిస్‌లో రైలుస్టేషను 1986లో మ్యూజియం అయింది. లండన్లో కరెంటు తయారుచేసే కట్టడం 2000లో బొమ్మల కొలువైంది. మన బొంబాయిలో కథ ఇంకోలా నడిచింది. 1982 జనవరిలో రెండున్నర లక్షలమంది బట్టలమిల్లుల కార్మికులు సమ్మెకి దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ చెప్పలేదు, మిల్లులే ముగిసిపోయాయి. ఆ స్థలాల్లో తరవాత అద్దాల దుకాణాలూ హోటళ్ళూ వెలిశాయి. ఒకచోట పొగగొట్టాన్ని అందానికని వుంచారు. దాని కింద పనిచేసినవాళ్ళ మనవలు ఆ దుకాణాల్లో కాపలా వుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ బొంబాయిలోనే 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటాక, కమలామిల్స్ ఆవరణలో మేడమీది హోటలు అంటుకుని 14 మంది పోయారు. చాలామంది మంటకి కాదు, పొగకి వూపిరాడక పోయారు. పండక్కీ పుట్టినరోజుకీ ముస్తాబై వచ్చిన పిల్లలు. ఈ మాట మా మేనకోడలితో అనవలసి వచ్చింది, ఎందుకంటే దాని నమూనాలో కప్పు నిండా ఎండుగడ్డీ, గోనెపట్టాలూ, తాళ్ళూ వున్నాయి. పల్లెటూరి శోభట! రేకులకింద ఎండుగడ్డి, గడ్డికింద వేడెక్కే బల్బులు, పక్క గదిలో నూనె మరిగే మూకుడు. ఇంతకంటే చక్కగా చితి పేర్చడం ఎవరికీ చేతకాదు. కాస్త మొహం ముడుచుకుంది గానీ, తెలివైన పిల్ల. గడ్డి తీసేసింది. వంటింటికి అడ్డంగా ఇటుక గోడ పెట్టించింది. రెండో దారి ఎక్కడ అని తనే అడగడం మొదలుపెట్టింది. ఆ రెండో దారి కథ తరవాత చెప్తాను.

ముందు కప్పు. మా వూళ్ళ వేసవిలో రేకు మీద చెయ్యి పెడితే అట్టు పెనం మీద పెట్టినట్టే. వెనక సగం సిమెంటు రేకులు. వాటిలో ఆస్‌బెస్టాస్ వుంటుంది. పగిలినప్పుడు కంటికి కనపడని నారపోగులు లేచి వూపిరితిత్తుల్లోకి పోతాయి, కాన్సరు తెస్తాయి. పనివాళ్ళు సుత్తితో కొట్టి దింపబోతే నేను గొడవపెట్టి నీళ్ళతో తడిపించి, బోల్టులు విప్పించి, ముక్కచెక్కలు కాకుండా దింపించాను. దానికి రెండు రోజులు ఎక్కువ పట్టింది. రెండు రోజుల కూలీ కూడా మా వదిన నోటుబుక్కులో నా పేరు మీదే రాసి వుంటుంది. ఆ సగానికి బెంగుళూరు పెంకు వేశారు. మంగుళూరులో పుట్టిన పెంకుని మనవాళ్ళు బెంగుళూరు పెంకు ఎందుకంటారో గానీ, పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోయే హాయి సిమెంటు శ్లాబుకి రాదు. ముందు సగం రేకుల మీద తెల్లసున్నం కొట్టించారు. ఇది అమ్మమ్మల కాలం చిట్కా అనుకుంటాం గానీ, తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. తెలుపు ఎండని తిప్పికొడుతుంది, అంతే సూత్రం.

ఒక మధ్యాహ్నం దాన్ని భీమేశ్వరుడి గుడికి తీసికెళ్ళాను. పంచారామాల్లో ఒకటైన కుమారారామం అదే. చాళుక్య భీముడి కాలం నాటిది, అంటే తొమ్మిదో శతాబ్దం చివర, పదో శతాబ్దం మొదట. శివలింగం రెండంతస్తుల ఎత్తు, పై అంతస్తుకెక్కితే గానీ స్వామి శిరసు కనపడదు. నేను భక్తి కోసం తీసికెళ్ళలేదు, గోడల కోసం తీసికెళ్ళాను. బయట నిప్పులు చెరుగుతున్నాయి. లోపల అడుగుపెట్టగానే ఎవరో నుదుటిమీద తడిగుడ్డ వేసినట్టయింది. మా పిల్ల స్తంభానికి వీపు ఆనించి చాలాసేపు కూర్చుంది. లేచాక, "అత్తయ్యా, ఇక్కడ కూడా వార్మ్‌గానే వుంది కదూ" అంది. అప్పటికి నాకు దాని మాట అర్థమయింది, దానికి నా మాట అర్థమయింది. అది వెతుకుతున్నది ఒంటికి తగిలే వేడి కాదు. లోపలికొచ్చినవాడికి "కూర్చో, ఎక్కడికీ తొందరలేదు" అని గోడలు చెప్పడం. ఆ పనిని మంచుదేశంలో నిప్పు చేస్తుంది, మన దగ్గర నీడ చేస్తుంది.

దీపాల దగ్గర మాత్రం నేను దాని మాటే విన్నాను. నీలం ఛాయ కొట్టే ట్యూబులైటు కింద గోంగూర పచ్చడి మసిబొగ్గులా, పప్పు జబ్బుపడ్డట్టూ కనిపిస్తాయి. ఇక్కడో తమాషా వుంది. దీపపు కాంతి రంగుని కెల్విన్ల లెక్కలో చెప్తారు. 2700 అంటే పసుపు కలిసిన వెచ్చని వెలుగు, 6500 అంటే తెల్లని చల్లని వెలుగు. అంకె పెరిగేకొద్దీ చల్లబడుతుందన్నమాట. మా వదినకి ఈ లెక్క ఎంత చెప్పినా నచ్చలేదు. "తక్కువ అంకె వెచ్చనైతే తక్కువ డబ్బుకే రావాలి" అంది. పసుపు వెలుగు బల్ల మీద మాత్రమే పడేలా కిందికి వేళ్ళాడదీశారు. మొహాలు సగం వెలుగులో, సగం నీడలో వుంటాయి. కిరసనాయిలు దీపం చుట్టూ అన్నాలు తిన్న తరం మాది. ఆ వెలుగులో ఎదుటి మనిషి అందంగా కనిపించకపోయినా ఆత్మీయంగా కనిపిస్తాడు.

చప్పుడు ఇంకో పెద్ద తలనొప్పి. రేకుల కప్పు, సిమెంటు నేల, ఇటుక గోడ. ఒక్క స్టీలు గ్లాసు కిందపడితే సామర్లకోట జంక్షన్లో గూడ్సుబండి షంటింగు చేసినట్టుంది. మనవాళ్ళు హోటల్లో గుసగుసలాడరు కదా! పెళ్ళిసంబంధం మాట్లాడుకుంటున్న రెండు కుటుంబాలూ, పొలం బేరమాడుతున్న నలుగురూ ఒకేసారి కూర్చుంటే ఎవరి పెళ్ళి ఎవరి పొలంతో కుదురుతుందో తెలీదు. మెత్తటి వస్తువులు చప్పుడు తాగుతాయి. అంచేత గోడలకి పాత ఉప్పాడ చీరలు దళసరి పరుపుల మీద బిగించి పెట్టారు. ఉప్పాడ ఎంతో దూరం లేదు. అరిగిపోయి కట్టుకోడానికి పనికిరాని చీరలు మా అమ్మవి రెండు, వదినవి మూడు, నాది ఒకటి. నాదాన్ని వంటింటి తలుపు పక్కన పెట్టారు. దాని మీద నాకు చిన్న కినుక వుంది.

ఇప్పుడు ఆ రెండో దారి సంగతి. హాలు మధ్యాహ్నం మూడు దాటాక భరించలేనట్టుండేది. పెంకు వేసినా, సున్నం కొట్టినా గాలి కదిలేది కాదు. ఇంజనీరు వచ్చి నాలుగు ఏసీలన్నాడు. అన్నయ్య కాగితం మీద కరెంటుబిల్లు లెక్కవేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ వేశాడు. ఆ పూటే, పని చూడ్డానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళలో ఒకామె వెనక్కి తిరిగి, దక్షిణం గోడకేసి చూసి, "అదేటండీ, ఇక్కడో తలుపుండాలి కదండీ?" అంది.

ఆమె ఆ మిల్లు కళ్ళంలో ఇరవై ఏళ్ళు పనిచేసింది. తెల్లవారుజామున ఆవిరి దిగిన ధాన్యాన్ని కళ్ళమంతా పరచడం, ఎండ ఎక్కేకొద్దీ కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగెయ్యడం వాళ్ళ పని. చెప్పుల్లేకుండానే. చెప్పులతో గింజ విరుగుతుంది కదండీ అంది. ధాన్యం సమానంగా ఆరకపోతే మరలో నూకైపోతుంది, నూకైతే వాళ్ళ కూలికే ఎసరు. ఆ కాళ్ళతో ఒంటిగంటకి హాలు వెనక్కొచ్చి, దక్షిణం తలుపు దగ్గర కాన్లు విప్పేవాళ్ళట. "ఆ తలుపు తీత్తే పైరగాలి కొడతాదండి. సముద్రం గాలండి అది. నిద్రట్టేసేదండి. మేస్త్రీ వచ్చి అరిచేవోడండి" అని నవ్వింది. మిల్లు మూతపడ్డాక దొంగల భయానికి ఆ తలుపుకి ఇటుకలు పేర్చి సున్నం కొట్టేశారు. పైగా తలుపున్న జాడ మా వదినక్కూడా గుర్తులేదు. యజమానుల పిల్లలు ఆ వైపు ఎందుకెళ్తారు?

మర్నాడే ఇటుకలు తీయించారు. సాయంత్రం నాలుగింటికి గాలి లోపలికి వచ్చింది. వచ్చినట్టు మాకు చెప్పింది సున్నం పొడి. నేల మీంచి లేచి మా నోళ్ళలో పడింది. నాలుగు ఏసీలు రెండైపోయాయి. నిప్పంటుకుంటే బయటపడే రెండో దారీ అదే అయింది. "ఇంజనీరుకిచ్చినట్టే ఈమెకీ ఫీజు ఇవ్వవే" అన్నాను మేనకోడలితో. ఇచ్చింది, కవరులో పెట్టి. మా వదిన ఆ పద్దు ఏ ఖాతాలో రాసిందో అడగలేదు గానీ, కాదనలేదు.

డబ్బు తీసుకుని కొంగున కట్టుకుంటూ ఆమె నన్ను ఒక ప్రశ్న వేసింది. "హోటలెట్టేక మాబోటోళ్ళని రానిత్తారాండి?"

జవాబు మాటల్లో తేలికే. మన రాజ్యాంగం 15వ అధికరణంలో ఆ మాట రాసే వుంది. దుకాణాల్లోకి, హోటళ్ళలోకి ఎవరినీ కులమనీ మతమనీ ఆపకూడదు. అది రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, అంతకుముందు మన వూళ్ళలో "బ్రాహ్మణ కాఫీ హోటలు" అని బోర్డు కట్టి, లోపల కొందరికి, బయట కొందరికి గ్లాసులు వేరుగా పెట్టేవాళ్ళు కాబట్టి. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. ఆ బోర్డులు దిగిపోయాయి. ఇప్పుడు బోర్డు పనిని ధరలు చేస్తున్నాయి. అద్దాల తలుపు, సూటు తొడుక్కున్న కుర్రాడు, తోలు అట్టలో దాచిపెట్టిన ధరల పట్టీ చూస్తే ఎవరూ ఆపక్కర్లేకుండా ఆమె అక్కడే ఆగిపోతుంది. ఆమె అరికాళ్ళు కాలిన కళ్ళంలోనే, వెన్నెల రాత్రుల్లో కొవ్వొత్తులు వెలిగించి బల్లలు వేద్దామని మా వాళ్ళ ఆలోచన.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన వాదం గురించి వివరంగా రాస్తే వదిన నాతో మాట్లాడదు. క్లుప్తంగా చెప్తాను. మేనకోడలు రోడ్డు వైపు గోడకి అరుగు కడదామంది. మండువా లోగిళ్ళకి వుండే అరుగుల్లాంటిది. పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా అక్కడ ఇడ్లీ, పెసరట్టు, కాఫీ. స్టేషనుకి వెళ్ళేవాళ్ళూ, పనికి వెళ్ళేవాళ్ళూ ఎవరైనా కూర్చోవచ్చు. వదిన దానికి ఒప్పుకుంది. అయితే అరుగు మీద ఒక ధర, లోపల ఒక ధర పెట్టమంది. వ్యాపారంగా చూస్తే తప్పేం లేదు, లోపల గాలికీ దీపానికీ ఖర్చవుతోంది కదా. నాకది మింగుడుపడలేదు. ఒకే వంటింట్లోంచి ఒకే ఇడ్లీ గోడకి అటు పోతే ఒక రేటు, ఇటు వస్తే ఒక రేటు అంటే, పాత గ్లాసుల పద్ధతికి కొత్త సున్నం కొట్టినట్టే. అన్నయ్య కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. పొద్దుటి టిఫినుకి ఎక్కడైనా ఒకటే ధర, రాత్రి భోజనం మీద ఆ లోటు లాగడం. లెక్క తేలుతుంది గానీ వారానికి కనీసం నాలుగు రాత్రులు హాలు నిండాలి. సామర్లకోటలో నిండుతుందా? కాకినాడ నుంచి జనం రావాలి. వాళ్ళకి అక్కడ సుబ్బయ్య హోటలుండనే వుంది. అక్కడికెళ్ళేవాడు గోడలు చూడ్డు, వడ్డించే మనిషి బతిమాలి ఇంకో ముద్ద వేస్తాడని వెళ్తాడు. ఆ మాట అన్నయ్యే అన్నాడు. ఎవరికీ జవాబు తోచలేదు. మూడు నెలలు ఒకే ధరతో నడిపి చూద్దామని, ఆ తరవాత వదిన మాట అందరూ వినాలనీ ఒప్పందం కుదిరింది. ధరల బోర్డు మాత్రం గుమ్మం బయట, చదవను రానివాళ్ళకి కూడా అంకె తెలిసేంత పెద్దక్షరాలతో, మొదటిరోజు నుంచే వుంటుంది. దాని కోసం మిల్లులో ధాన్యం రేట్లు రాసిన నల్లబల్లే దొరికింది. తుడిస్తే ఇంకా వెనక ఏవో సుద్ద అంకెలు కనిపిస్తున్నాయి.

ఇహ మిగిలింది బల్లలు. మేనకోడలు కాటలాగులో చూసి ఇద్దరు కూర్చునే బల్ల 24 అంగుళాల చదరంలో గీసింది. విస్తరి వెయ్యమని అడిగాను. రావులపాలెం నుంచి తెచ్చిన అరిటాకు ఒకటి పరిస్తే, రెండో ఆకుకి చోటే లేదు. మంచినీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలి? పులుసు గిన్నె ఎక్కడ? గోదావరి జిల్లావాడు వడ్డించిన పదార్థాలన్నీ ఒకేసారి కళ్ళారా చూడందే ముద్ద కలపడు. వడ్రంగి ఆ డ్రాయింగుని పక్కన పెట్టి, ఆకుని నిలువునా అడ్డంగా టేపుతో కొలిచి, చెవిలో పెన్సిలు తీసి చెక్క మీదే రాసుకున్నాడు. మూరెడు బల్ల రెండు మూరలయింది. హాల్లో ఆరు బల్లలు తగ్గాయి. వదిన వేళ్ళు మడిచి లెక్కపెట్టడం నేను చూశాను.

"ఆకు ఇంకొకటియ్యండమ్మా" అన్నాడు వడ్రంగి. "పొద్దుటికి ఇది వాడి ముడుచుకుపోద్ది, మా కుర్రాడు దీన్ని చూసి కొలిస్తే బల్ల కురచైపోద్ది."